ఛందోభంగానికి పద్యాన్ని తగలబెడతారా?



ఈ పుటలో ఇన్నాళ్ళూ పద్యాల గురించీ, మా రొళ్ల ప్రాంతపు పలుకుబళ్ళ గురించీ రాసుకుంటూ వచ్చాను. ఈసారి కంప్యూటర్ల గురించి, అందులోనూ డిస్కు లేని కంప్యూటర్ల గురించి, కోపంతో రాస్తున్నాను. తెలుగు పండితుడికి ఈ జోలి ఎందుకని అడగబోయేవారికి ముందే ఒక మనవి. సరిగ్గా ఆ ప్రశ్నే ఒకప్పుడు నా నోరు ఏడాదిపాటు మూయించింది. దానికి మూల్యం నేను చెల్లించలేదు, నా పిల్లలు చెల్లించారు. ఆ సంగతి కింద వస్తుంది.

గత ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి నాడు, పక్క మండలంలోని ఒక ఉన్నత పాఠశాలవారు తెలుగు భాషా దినోత్సవానికి నన్ను పిలిచారు. ఊరి పేరు చెప్పను. సభ ముగిశాక నా గొడుగు కోసం వేదిక వెనకనున్న సామాన్ల గదిలోకి వెళ్ళాను. విరిగిన బల్లలు, మధ్యాహ్న భోజనపు పాత గిన్నెలు, వాటి పక్కన గోడకు ఆనించి ఒకదానిమీద ఒకటి పేర్చిన పన్నెండు నల్లని పెట్టెలు. ఒక్కొక్కటి లావుపాటి నిఘంటువంత ఉంటుంది. పైపెట్టె మీద సుద్దముక్కతో "చెడినవి - 12" అని రాసి ఉంది.

"ఇవేమిటి నాయనా?" అని అడిగాను.

"పాత కంప్యూటర్లు సార్. ఒక్కటీ పనిచేయదు. తుక్కు కింద రాసేసినాము, తూకానికి పోతాయి" అన్నాడు అక్కడి కుర్ర ఉపాధ్యాయుడు.

"ఏమైంది వీటికి?"

"ఆన్ చేస్తే నల్లతెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చి నిలబడిపోతుంది సార్."

"ఏమని వస్తుంది?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. అటువంటి ప్రశ్న ఒకటి ఉంటుందని ఆయనకు అంతవరకూ తోచలేదు, అంతే.

అనుమతి అడిగి ఒక పెట్టెను మానిటరుకు తగిలించాను. కొన్ని క్షణాలకు తెల్లని అక్షరాలు వచ్చాయి. "పీఎక్స్‌ఈ-ఈ61: మీడియా టెస్ట్ ఫెయిల్యూర్, చెక్ కేబుల్." తీగ చూసుకోమంటోంది యంత్రం. పెట్టె వెనక చూశాను. తీగ పెట్టవలసిన రంధ్రం ఖాళీగా ఉంది. ఆఫీసు గదిలో ఇంటర్నెట్టు రూటరు ఉంటే, అక్కడినుంచి ఒక తీగ తెప్పించి తగిలించి మళ్ళీ ఆన్ చేయించాను. ఈసారి వాక్యం మారింది. "పీఎక్స్‌ఈ-ఈ53: నో బూట్ ఫైల్‌నేమ్ రిసీవ్డ్." అంటే తీగ బాగుంది, పెట్టెలోని నెట్‌వర్కు కార్డు బాగుంది, చిరునామా కూడా దొరికింది. ఏ ఫైలు తెచ్చుకొని మొదలుపెట్టాలో చెప్పే పెద్ద మాత్రం లేడు. "ఈ పెట్టెలకు ఒక సర్వరు ఉండాలి, అదెక్కడ?" అన్నాను. కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి అటెండరు చెప్పాడు. నాలుగేళ్ళ కిందట ఆఫీసులో కంప్యూటరు పాడైతే, ల్యాబులో ఉన్న పెద్ద కంప్యూటరును తెచ్చి పెట్టుకున్నారట. ఇప్పుడు దానిమీద జీతాల బిల్లులు చేస్తున్నారు.

ఇంటి యజమానిని పొలానికి పంపి, ఇంట్లో పిల్లలంతా మూగవాళ్ళని ఊరంతా చెప్పినట్టుంది ఇది!

ఇక్కడ కొంచెం ఆగి, ఈ పెట్టెల సంగతి తెలియనివారికి చెబుతాను. తెలిసినవారు నా వివరణలో తప్పులు పట్టుకోండి. వీటిని థిన్ క్లయింట్లు అంటారు. తెలుగులో ఏమనాలో మనలో మనం తరవాత కొట్లాడుకుందాం. మా పిల్లలు మాత్రం బోడిపెట్టెలు అనేవారు. లోపల హార్డు డిస్కు ఉండదు కనుక ఆ పేరు చక్కగా అతికింది. ఎంత నేర్పరి అయిన నటుడైనా తన భుజాల మీద తానెక్కలేడని మన తార్కికులు చెప్పే దృష్టాంతం ఒకటుంది. కంప్యూటరు మేలుకోవడమంటే దాదాపు తన భుజం తానెక్కడమే. బూట్ అన్న ఇంగ్లీషు మాట కూడా, తన జోళ్ళ పట్టీలు పట్టుకొని తన్ను తానే పైకి లాక్కోవడమనే అర్థం నుంచే వచ్చింది. మామూలు కంప్యూటరుకు డిస్కు భుజమిస్తుంది. బోడిపెట్టె పక్కగదిలోని సర్వరు భుజమెక్కుతుంది. మధ్యనున్నది ఒక తీగ, ఒక స్విచ్చి పెట్టె.

ఎలా ఎక్కుతుందో చూడండి. కరెంటు రాగానే నెట్‌వర్కు కార్డులో ఉన్న చిన్న ప్రోగ్రాము లేస్తుంది. దానికి తన చిరునామా తెలియదు, సర్వరు ఎవరో తెలియదు. జాతరలో తప్పిపోయిన పిల్లవాడు కనబడిన ప్రతివాడినీ అడిగినట్టు, తీగ మీద ఉన్న అందరికీ వినబడేలా "నేనెవరిని?" అని కేక వేస్తుంది. చిరునామాలు పంచే సర్వరు "నీ చిరునామా ఇది తీసుకో" అంటుంది. పెట్టె "సరే, అదే ఇప్పించండి" అంటుంది. సర్వరు "ఇచ్చాను" అంటుంది. ఈ నాలుగు మాటల సంభాషణనే డీహెచ్‌సీపీ అంటారు. చిరునామాతో పాటు ఫలానా సర్వరులో ఫలానా ఫైలు తెచ్చుకొమ్మని కూడా అందులోనే చెప్పాలి. అప్పుడు పెట్టె టీఎఫ్‌టీపీ అనే పద్ధతిలో ఆ ఫైలును 512 బైట్ల ముక్కలుగా, ఒక్కో ముక్కకూ అందిందని రసీదు ఇస్తూ తెచ్చుకుంటుంది. ఆ ఫైలు వెళ్ళి కెర్నలును తెస్తుంది, కెర్నలు మిగతా సంసారాన్ని సర్వరు మీదినుంచే తెచ్చుకుంటుంది. ఇదంతా నిన్నటి చిట్కా కాదు. టీఎఫ్‌టీపీ ప్రమాణం 1981 నాటిది, బూట్‌పీ 1985, డీహెచ్‌సీపీ 1993. ఇంటెల్ సంస్థ పీఎక్స్‌ఈ రెండవ ప్రమాణానికి 2.1 అనే సవరించిన కూర్పును 1999లో వెలువరించింది. అదే ఏడు జిమ్ మెక్విలన్ లినక్సు టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు మొదలుపెట్టాడు. పాఠశాలల్లో ఇలాంటి పెట్టెలు నడిపేవారికి ఎల్‌టీఎస్‌పీ అంటే తెలుస్తుంది.

ఇప్పుడు నా అసలు వాదం. ఈ వరుసలో ఏ మెట్టు దగ్గర తడబడితే ఆ మెట్టు పేరు యంత్రమే తెరమీద రాస్తుంది. ఈ61 అంటే తీగ దగ్గరే ఆగింది. ఈ51 అంటే కేక వేసినా చిరునామా ఇస్తామన్నవాడు లేడు. ఈ53 అంటే చిరునామా ఇచ్చారు, ఫైలు పేరు చెప్పలేదు. ఈ32 అంటే ఫైలు పేరు తెలిసింది, తలుపు తడితే టీఎఫ్‌టీపీ పలకలేదు. టీ01 అంటే పలికింది, అటువంటి ఫైలు తన దగ్గర లేదంది. నలభై ఏళ్ళు పిల్లల చేత గణవిభజన చేయించినవాణ్ణి నేను. కుర్రవాడు ఉత్పలమాల రాసుకొస్తాడు, మూడో పాదం కుంటుతుంది. మనమేం చేస్తాం? గురువు లఘువులు గుర్తులు పెట్టి, భ, ర, న అని లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, ఫలానా చోట లఘువు బదులు గురువు పడిందిరా అని వేలు పెట్టి చూపిస్తాం. కాగితం చింపి పొయ్యిలో పెట్టం. ఈ యంత్రం తన గణభంగం ఎక్కడ జరిగిందో తనే వేలు పెట్టి చూపిస్తూ ఉంటే, చదువు చెప్పే చోట దాన్ని చదివేవాడు లేక తూకానికి వేస్తున్నాం. అక్షరాస్యత కోసం కొన్న యంత్రం నిరక్షరాస్యత వల్ల చచ్చిపోతోంది. దీన్ని నేను సాంకేతిక లోపం అనను.

ఇంత గట్టిగా అంటున్నవాడు అప్పుడేం చేశాడని అడుగుతారు. చెబుతాను.

2014లో, బెంగుళూరులో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు, తన ఆఫీసులో తీసివేసిన పది బోడిపెట్టెలు, ఒక సర్వరు, ఒక స్విచ్చి వ్యానులో వేసుకొని మేము పనిచేసే పాఠశాలకు తెచ్చి ఇచ్చాడు. రెండు రోజులుండి ఎల్‌టీఎస్‌పీ పెట్టి వెళ్ళాడు. గదికి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న వచ్చింది. లెక్కల మాస్టారికి పదో తరగతి ఫలితాల భయం, సైన్సు మేడంకు రెండు బళ్ళ బాధ్యత. ఖాళీగా ఉండేది తెలుగు పండితుడే కదా అని చెవి నాకిచ్చారు. ఆ ఏడాది బంగారంలా నడిచింది. మా రొళ్ల కర్ణాటక సరిహద్దు మండలం. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే పిల్లలు మాకు సగం మంది. లోనికి ప్రవేశించే తెరమీదే భాష ఎంచుకోవచ్చు కనుక, పక్కపక్క పెట్టెల్లో ఒక పిల్ల తెలుగులో, ఇంకో పిల్ల కన్నడంలో పనిచేసేవారు. సర్వరు ఒకటే. ఆ దృశ్యం చూసి నేను పొందిన ఆనందం ఏ అవధానంలోనూ పొందలేదు.

2015 వేసవి సెలవుల తరవాత గది తెరిచాం. ఒకరోజు మూడు పెట్టెలు లేస్తాయి, మర్నాడు ఆరు, ఆ మర్నాడు రెండు. లేచినవే లేవవు, లేవనివి లేస్తాయి. పట్టణం నుంచి మెకానిక్కును పిలిపించాం. అరగంట చూసి, "బోర్డులన్నీ పోతా ఉండాయి సార్, ఒకటొకటిగా సస్తాయి. కొత్తవి తీసుకోండి" అన్నాడు. తెరమీద ఏదో రాస్తోంది కదా బాబూ అన్నాను. "అది మీకు అర్థం కాదులే సార్, మీరు తెలుగు సారు గదా" అన్నాడు.

ఆ మాటకు నేను తలవంచాను. గదికి తాళం పెట్టాను. అదే నేను చేసిన పాపం.

ఆ తాళం 2016 జులై దాకా తీయలేదు. మధ్యలో ఒక పదో తరగతి మొత్తం దాటిపోయింది. వాళ్ళలో ఒకమ్మాయి తరవాత ఏళ్ళకు హిందూపురంలో ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడుతూ నాకు కనబడింది. ఉద్యోగంలో చేరిన రోజునే తొలిసారి మీటలు ముట్టిందట. మొదటి నెల తప్పుబిల్లులకు జీతంలో కోత వేశారని నవ్వుతూనే చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల తరగతి గదికి ఇరవై అడుగుల దూరంలో పది యంత్రాలు నిక్షేపంగా ఉన్నాయి, చెవి నా జేబులో ఉంది.

తాళం తీయించింది తొమ్మిదో తరగతి కుర్రవాడు, వక్కతోట కాపలాదారు కొడుకు. మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చి, "సార్, ఆ పెట్టెలు ఏమంటాయో రాసుకొని చూద్దామా సార్?" అన్నాడు. పోగొట్టుకోవడానికి ఏముంది కనుక? వారం రోజులు ప్రతి పెట్టె ప్రతిసారి ఏమందో నోటుపుస్తకంలో రాశాడు, అక్షరం పొల్లు పోకుండా. పది పెట్టెలదీ ఒకే మాట, ఈ53. బోర్డులు పోతే పది బోర్డులూ ఒకే మాట చెబుతాయా? సర్వరులో తన పనుల దినచర్య రాసుకునే ఫైలు ఒకటుంటుంది, దాన్ని తెరిచాం. ఫలానా పెట్టె కేక వేసింది, నేను చిరునామా ఇస్తానన్నాను, అని ఉంది. ఆ పెట్టె "సరే ఇప్పించండి" అన్న మూడో మాట లేదు. "మన సర్వరు ఇస్తానన్నా తీసుకోలేదు, అయినా చిరునామా వచ్చిందంటాంది. మరి ఇచ్చినోడు ఎవరు సార్?" అన్నాడు వాడు.

నేను నలభై ఏళ్ళలో విన్న ఉత్తమమైన వ్యాకరణ ప్రశ్న అది. కర్త ఎవరు?

తీగలు పట్టుకొని వెతికాం. స్విచ్చి నుంచి ఒక నీలం తీగ వెంటిలేటరు గుండా బయటికి పోయి ఆఫీసు గదిలో దిగింది. వేసవిలో ఆఫీసుకు ఇంటర్నెట్టు పెట్టించినప్పుడు, ఎవరో ఆ రూటరును తెచ్చి మా స్విచ్చికి కలిపిపోయారు. రూటరుకు కూడా చిరునామాలు పంచే అలవాటుంది. పెట్టె కేక వేయగానే ఇద్దరు బదులిస్తున్నారు. మా సర్వరు మాట ముందందితే పెట్టె లేస్తుంది, రూటరు మాట ముందందితే చిరునామా దొరికి, ఫైలు పేరు దొరకక ఆగిపోతుంది. రోజుకో లెక్కన లేవడానికి కారణం అదే. నీలం తీగ పీకేశాం. పది పెట్టెలూ లేచాయి. ఖర్చు సున్నా. తీగ పీకడానికి కూడా అంగీకరించని ఆఫీసులుంటాయి. వారికి ఇంకో దారి ఉంది. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామును సర్వరులో ప్రాక్సీ పద్ధతిన నడిపితే, చిరునామాలు రూటరే పంచుతుంది, ఫైలు పేరు మాత్రం సర్వరు చెబుతుంది. ఇప్పటి ఎల్‌టీఎస్‌పీలో ఇది మామూలుగానే వస్తుంది. మాకప్పుడు తెలియదు.

తరవాత కూడా పేచీలు వచ్చాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టెలు సర్వరుకంటే ముందు లేచి, కేక వేసి వేసి, ఈ51 అని చేతులెత్తేసేవి. ఐదు నిమిషాలాగి పెట్టెలు ఆన్ చేయడమే దానికి మందు. బెంగుళూరు స్విచ్చి పెద్ద ఆఫీసులకు చేసినది. తీగ తగలగానే ఎక్కడైనా చుట్టు తిరుగుడు దారి ఉందేమోనని ముప్పై సెకన్లు పరీక్షించి గాని మాట పోనివ్వదు. కొన్ని పెట్టెలకు అంత ఓపిక ఉండదు. మధ్యలో ఒక చవకరకం స్విచ్చి పెడితే ఆ బాధ పోయింది. 2018లో మరెవరో ఇచ్చిన రెండు కొత్త యంత్రాలు మాత్రం అదే తీగ మీద మొండికేశాయి. అవి యూఈఎఫ్‌ఐ జాతివి, పాత బయోస్ పెట్టెలకు పనికివచ్చే ఫైలును ముట్టవు, వాటికి వేరే ఫైలు చూపాలి. అది తెలుసుకోవడానికి మాత్రం నాకూ పిల్లలకూ రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు తప్పెవరిదో మాట్లాడదాం. మెకానిక్కుదా? వాడు బతకాలి, కొత్తవి అమ్మితే నాలుగు డబ్బులు. నాకు వాడిమీద కోపం లేదు. నా కోపం యంత్రాన్ని ఇచ్చి, దాన్ని చదివే హక్కు ఇవ్వని పద్ధతి మీద.

కేంద్రం 2004 డిసెంబరులో ఐసీటీ ఎట్ స్కూల్స్ పథకం తెచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు వేల ఉన్నత పాఠశాలలకు ఆ పథకం కింద కంప్యూటరు విద్య వచ్చింది. ఎన్‌కంప్యూటింగ్ వారి చిన్న పెట్టెలతో ఒక కంప్యూటరును పలువురు పిల్లలు పంచుకునే ఏర్పాటు అది. (ఆ పెట్టెలు నేను చెప్పే బోడిపెట్టెలకు దాయాదులు. అవి నెట్‌వర్కు మీద బూట్ కావు, ఆశ్రయమిచ్చిన కంప్యూటరులో దూర్చిన కార్డుకు తీగతో అతుక్కుని ఉంటాయి. మంచి ఆలోచనే.) దాన్ని ఏ పద్ధతిలో అమలు చేశారో తెలుసా? బూట్ పద్ధతి! కట్టు, యజమానిగా ఉండు, నడుపు, అప్పగించు అనే నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు. కంపెనీ ఐదేళ్ళు నడిపి చివరికి బడికి అప్పగించాలి. శ్లేష కోసం నేను కల్పించింది కాదు సుమా.

కాంట్రాక్టు ఐదేళ్ళూ మేము చూసిన ల్యాబులో సర్వరు పాస్‌వర్డు ఉపాధ్యాయులకు చెప్పలేదు. పెట్టె మూత తీస్తే సీలు పోతుందన్నారు. అప్పగింత రోజున అప్పగించినవి బల్లలు, కుర్చీలు, పెట్టెలు, ఒక జాబితా. పాస్‌వర్డు రాసిన కాగితం ఆ జాబితాలో లేదు. పాఠాలు చెప్పిన కుర్రవాడు ఉద్యోగం పోయి ఊరెళ్ళిపోయాడు, ఆ గదిలో నాలుగు అక్షరాలు తెలిసినవాడు వాడొక్కడే. మూడు మెట్లూ జరిగి, నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయింది. బోడిపెట్టె అయితే ఆ మాట తెరమీద రాసేది. కాంట్రాక్టులకు ఆ సదుపాయం లేదు.

నా వాదానికి అడ్డం వచ్చే మాటలు నాకు తెలుసు. "ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా ఫోనే, ఈ పాత పెట్టెలు దేనికి?" అంటారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ కలిపి ప్రభుత్వం ట్యాబులు పంచింది, ఐదు లక్షల పైచిలుకు. సంతోషమే. కానీ ట్యాబు అద్దం పగిలితే మూత తీసి చూసే పిల్లవాడెవడు? పిల్లవాడు దాన్ని వాడగలడు, దాన్ని ప్రశ్నించలేడు. బోడిపెట్టెల గదిలో తీగ కనబడుతుంది, స్విచ్చి మీద పచ్చదీపం కనబడుతుంది, ఎవరు ఎవరితో ఏమన్నారో సర్వరు దినచర్యలో చదువుకోవచ్చు. పాఠం చెప్పడానికి అంతకంటే మంచి యంత్రం నాకు తెలియదు. పైగా పల్లెటూరి బడికి ఇది కుదిరినట్టు మరొకటి కుదరదు. డిస్కు లేదు కనుక కరెంటు పోతే చెడిపోయే డిస్కు లేదు, వైరసు దూరడానికి ఇల్లు లేదు. ఒక్కో పెట్టె తినేది పదిహేను ఇరవై వాట్లు. కొత్త ప్రోగ్రాము పెట్టాలంటే ఒక్క సర్వరులో పెడితే పదింటిలో పెట్టినట్టే.

దీనికి లోపాలు లేవని నేననను. సర్వరు పడితే అన్నీ పడతాయి. వీడియోలు నత్తనడక నడుస్తాయి. మా ల్యాబులో పది మంది ఒకేసారి బొమ్మలు గీస్తే సర్వరు మూలుగు వరండాలోకి వినబడేది. ఈ లోపాలు చూపి ఎవరైనా ఈ పద్ధతే వద్దంటే, వాదించడానికి నేను సిద్ధం. ఏ లోపమో చూడకుండా తుక్కు అనేవాడితో మాత్రం వాదమేముంది?

"ఉపాధ్యాయులకు ఇవన్నీ నేర్పడం సాధ్యమా?" అన్నది రెండో మాట. మరో రాష్ట్రం చూడండి. కేరళలో ఐటీ ఎట్ స్కూల్ అనే కార్యక్రమం 2001లో మొదలైంది, 2017లో అదే కైట్ అనే సంస్థ అయింది. అక్కడ బడి కంప్యూటర్లకు బాధ్యుడు బయటి కంపెనీవాడు కాదు, ఆ బడి ఉపాధ్యాయుడే. స్కూల్ ఐటీ కోఆర్డినేటరు అంటారు. 2018లో లిటిల్ కైట్స్ పేరిట పిల్లల సంఘాలు కూడా పెట్టారు. వాళ్ళు వాడేది స్వేచ్ఛా సాఫ్టువేరు, మూత తీయవద్దని చెప్పేవాడు లేడు. మలయాళీ ఉపాధ్యాయుడికి ఉన్న బుద్ధి మనకు లేదంటారా? ఆ మాట ఎవరైనా నా ముందు అంటే ఊరుకోను. మనకు లేనిది అధికారం. అంతకుమించి, మన భాషలో ఒక పుట.

ఇక్కడ మీ మీద కూడా నాకు అభియోగం ఉంది, మిత్రులారా. నామీద కూడా అనుకోండి. మనం యూనికోడులో తెలుగు రాయడం మొదలుపెట్టిన కాలంలో ఎన్ని వాదాలు చేసుకున్నాం! ఇంటర్నెట్టు అనాలా, అంతర్జాలం అనాలా? బ్లాగరి సాధువా, బ్లాగరు సాధువా? అరసున్న కోసం నేనే ఎంత రాశానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. 2016లో ఆ కుర్రవాడూ నేనూ ఈ53 అంటే ఏమిటని తెలుగులో వెతికిన రోజున మాకు ఒక్క పుట దొరకలేదు. కన్నడంలోనూ వెతికాం, దొరకలేదు. వాడికి ఇంగ్లీషు అంతంత మాత్రం, నాకు యంత్రాల ఇంగ్లీషు అసలు రాదు. నిఘంటువు పక్కన పెట్టుకొని, పద్యానికి ప్రతిపదార్థం చెప్పుకున్నట్టు చెప్పుకుంటూ చదివాం. మీలో ఎంతమంది సాఫ్టువేరు ఉద్యోగాలు చేశారు! పగలంతా సర్వర్లతో కుస్తీ పట్టి, రాత్రి ఇంటికొచ్చి కవితలు రాశారు. కవితలు నాకు నచ్చాయి, వ్యాఖ్యలు కూడా రాశాను. పగలు చేసిన పనిని గురించి తెలుగులో ఒక్క ముక్క రాసి ఉంటే, మా గది తాళం ఏడాది ముందే తీసేవాణ్ణేమో. ఆ పని పాండిత్యం కాదనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, తెలుగు పండితుణ్ణి కనుక ఇంకా గట్టిగా అనుకున్నాను.

సరే, పక్క మండలం సంగతి ముగిస్తాను. సభ జరిగిన మరుసటి వారం నా ల్యాప్‌టాప్‌లో ఎల్‌టీఎస్‌పీ పెట్టుకొని, ఐదు రంధ్రాల స్విచ్చి ఒకటి సంచిలో వేసుకొని బస్సెక్కి వెళ్ళాను. పన్నెండు పెట్టెలనూ వంతులవారీగా తగిలించి చూశాను. తొమ్మిది లేచాయి. రెండింటికి దీపమే వెలగలేదు. మంచి పెట్టె అడాప్టరు మార్చి పెడితే వాటిలో ఒకటి లేచింది, రెండోది నిజంగానే పోయింది. ఇంకొకటి ఎన్ని తీగలు మార్చినా ఈ61 అనే అంటోంది, దాని రంధ్రం దెబ్బతిన్నది. మొత్తం పది మంచివి, రెండు చెడినవి. సుద్దముక్క తీసుకొని పైపెట్టె మీద అంకె దిద్దబోతే ప్రధానోపాధ్యాయులవారు వారించారు. పన్నెండు చెడినవని జాబితా ఇదివరకే పైకి పంపారట, ఇప్పుడు పది బాగున్నాయంటే లెక్క తేడా వస్తుందట. ఆఫీసులోని సర్వరును తిరిగి ఇవ్వడం కూడా కుదరదట, జీతాల బిల్లులు ఆగిపోతాయి. వేరే సర్వరు తెచ్చుకుంటే మాత్రం జాబితా సంగతి తాను చూసుకుంటానని ఆయన మాటిచ్చారు. మంచివాడే.

కనుక మీలో ఎవరి అటక మీదనైనా 64 బిట్ల పాత డెస్క్‌టాప్, 8 జీబీ మెమొరీ ఉన్నది, దుమ్ము పట్టి ఉంటే ఈ టపా కింద ఒక ముక్క రాయండి. మానిటరు అక్కరలేదు. మడకశిర బస్టాండుదాకా చేరిస్తే చాలు, నేనే వచ్చి తీసుకుపోతాను. తూకం బండి దసరా సెలవులకు ముందే వస్తుందంటున్నారు.